సుడోకులో తొలి మెట్టు: ఊహించకుండా గళ్లు నింపడం ఎలా?

తొలి గడి | ఆదివారం, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్లుగా ఆదివారం అనుబంధంలో పదవినోదం నింపుతున్నాను గానీ, దాని పక్కనే ఉండే సుడోకు జోలికి ఎన్నడూ పోలేదు. లెక్కలంటే ఉన్న భయమే దానికి కారణం. గత నెలలో మా అమ్మాయి “ఇందులో కూడికలూ తీసివేతలూ ఏమీ ఉండవమ్మా, అంకెల బదులు తొమ్మిది పువ్వుల బొమ్మలు పెట్టినా ఆట ఇదే” అని చెప్పి, “సులభం” అని అట్ట మీద రాసి ఉన్న పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చింది. నియమం అర్థమైంది. ప్రతి అడ్డు వరుసలోనూ, ప్రతి నిలువు వరుసలోనూ, మూడేసి గళ్ల చదరమైన ప్రతి పెట్టెలోనూ 1 నుంచి 9 వరకు అంకెలు ఒక్కొక్కటి ఒక్కసారే రావాలి. నియమం తెలిసినంత మాత్రాన దారి తెలియదని మొదటి పజిల్ దగ్గరే తేలిపోయింది. దాన్ని ఉన్నదున్నట్టుగా ఇక్కడ దింపుతున్నాను. చుక్కలు ఖాళీ గళ్లు.

9 · 6 | · 8 · | · 1 ·
· 8 · | 7 · 1 | 3 · ·
1 · 7 | · 3 · | · 5 2
------+-------+------
· 1 · | 4 · 7 | 5 · 3
· · 4 | · 5 · | 1 · ·
6 · 3 | 8 · 2 | · 7 ·
------+-------+------
4 6 · | · 2 · | 7 · 1
· · 1 | 9 · 4 | · 3 ·
· 2 · | · 7 · | 6 · 9

ఎడమవైపు నడిమి పెట్టెలో 7 ఎక్కడ రావాలో ముందుగా చూశాను. 4వ అడ్డు వరుసలోనూ 6వ అడ్డు వరుసలోనూ 7 ఉంది కనుక ఆ పెట్టెలో అది 5వ అడ్డు వరుసలోనే రావాలి. అక్కడ మొదటి గడీ, రెండవ గడీ ఖాళీగా ఉన్నాయి. రెండింటిలో ఏదైనా ఒకటే కదా అనుకుని రెండవ గడిలో, అదీ పెన్నుతో, 7 వేసేశాను. మరో అరగంట చక్కగానే సాగింది. ఆ తరువాత 8వ అడ్డు వరుసలోని రెండవ గడికి 8 తప్ప మరే అంకే మిగలలేదు, తీరా చూస్తే అదే నిలువులో పైన 8 అచ్చులోనే ఉంది! ఎక్కడ తప్పటడుగు వేశానో చెప్పగలరా? మొదట ఏ గడి దగ్గర మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఏదైనా ఉందా?

అరుగు మాస్టారు | ఆదివారం, రాత్రి 8:05

తొలి గడి గారూ, 7 ఐదవ అడ్డు వరుసలోనే రావాలన్నంత వరకు మీ తర్కంలో ఏ లోపమూ లేదమ్మా. ఆ తరువాత వేసిన బొమ్మా బొరుసే మిమ్మల్ని ముంచింది. “రెండింటిలో ఒకటి” అని తేలినప్పుడు ఆ రెండు గళ్లనూ అలాగే వదిలి వేరే చోటికి వెళ్లిపోవాలి. సులభమైన పజిల్‌లో ఎక్కడో ఒకచోట “ఇక్కడ తప్ప మరెక్కడా పట్టదు” అని చెప్పే గడి తప్పకుండా ఉంటుంది. మనం చేయవలసిన పని దాన్ని వెతకడమే.

వెతకడానికి రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, “ఈ గడిలో ఏ అంకె వస్తుంది?” అన్నది. రెండవది, “ఈ అంకె ఈ పెట్టెలో ఏ గడిలో వస్తుంది?” అన్నది. కొత్తవారందరూ మొదటి ప్రశ్నతోనే మొదలుపెట్టి, ఎడమ మూల ఖాళీ గడి ముందు కూర్చుని తొమ్మిది అంకెలనూ ఒక్కొక్కటిగా తిప్పి చూసి అలసిపోతారు. నా సలహా ఏమిటంటే రెండవ ప్రశ్నతో మొదలుపెట్టండి, అది కూడా ఎక్కువసార్లు అచ్చయిన అంకెతో మొదలుపెట్టండి. మీ పజిల్‌లో మొత్తం 39 అంకెలు ఇచ్చారు. వాటిలో 1 ఏడుసార్లు వచ్చింది, 7 ఆరుసార్లు, 3 అయిదుసార్లు వచ్చాయి. 5, 8, 9 మాత్రం మూడేసి సార్లే ఉన్నాయి.

కాబట్టి 1 తీసుకుందాం. అది లేని పెట్టెలు రెండే, నట్టనడుమ ఉన్నదీ, దాని కింద ఉన్నదీ. నడిమి పెట్టెలోకి మూడు అడ్డు వరుసలు వస్తాయి. 4వ వరుసలో రెండవ గడిలో 1 ఉంది, 5వ వరుసలో ఏడవ గడిలో ఉంది, కాబట్టి ఆ రెండు వరుసలూ పోయాయి. మిగిలిన 6వ వరుసలో ఆ పెట్టెకు చెందిన మూడు గళ్లలో 8, ఖాళీ, 2 ఉన్నాయి. ఆ ఖాళీలో 1 వేయక తప్పదు. ఇక కింది పెట్టె చూడండి. 7వ వరుసలోనూ 8వ వరుసలోనూ 1 ఉన్నది కనుక 9వ వరుసే మిగిలింది. అక్కడ 7కు అటూ ఇటూ రెండు ఖాళీలున్నాయి గానీ, ఆరవ నిలువులో పైన, రెండవ వరుసలో 1 ఉంది. అందుచేత 1 నాలుగవ నిలువులో పడుతుంది. దీనితో తొమ్మిది 1లూ పూర్తయ్యాయి, ఆ అంకెను ఇక మరచిపోవచ్చు.

మా తరగతిలో పిల్లలకు దీన్ని చూపించేటప్పుడు రెండు చేతుల చూపుడు వేళ్లనూ వరుసల మీద పెట్టించేవాడిని. వేళ్ల కింద పడని గడి ఒక్కటే మిగిలిందంటే అంకె అందులో వేయవచ్చు. 3తో మీరే ప్రయత్నించి ఏం తేలిందో రేపు రాయండి. పెన్ను మాత్రం పక్కన పెట్టండి.

అడ్డం నిలువు | ఆదివారం, రాత్రి 9:40

నేనూ పదవినోదం నుంచే ఇటు వచ్చినవాణ్ని కాబట్టి ఒక్క మాట కలుపుతాను. గళ్లనుడికట్టులో మనకు “1 అడ్డం” నుంచి వరుసగా ఆధారాలు చదివే అలవాటు ఉంటుంది. సుడోకులో ఆ అలవాటు పనికిరాదు. అయితే అక్కడి మరో అలవాటు మాత్రం ఇక్కడ బాగా అక్కరకు వస్తుంది. అడ్డం మాట తెలియనప్పుడు నిలువు మాటల నుంచి వచ్చిన అక్షరాలు దాన్ని ఎలా బిగిస్తాయో మీకు ఇరవై ఏళ్లుగా తెలుసు కదా. ఇక్కడ బిగించేవి మూడు, అడ్డమూ, నిలువూ, పెట్టే. ఈ మూడవదాన్ని మరచిపోవడమే పదవినోదం వారు చేసే మొదటి తప్పు, నేనూ వారాల తరబడి అదే చేశాను.

తొలి గడి | సోమవారం, మధ్యాహ్నం 2:15

మాస్టారూ, మీరు చెప్పినట్టే గ్రాఫు కాగితం మీద పజిల్‌ను కొత్తగా గీసుకుని, పెన్సిలుతో 1లు రెండూ వేసి, 3 మీదికి వెళ్లాను. 3 లేని పెట్టెలు నాలుగు కనిపించాయి. ఎడమవైపు పై పెట్టెలోకి 2వ వరుస నుంచీ 3వ వరుస నుంచీ 3 అడ్డుపడుతోంది. మిగిలిన మొదటి వరుసలో 9కీ 6కీ మధ్య ఒక్క ఖాళీయే ఉంది కాబట్టి అక్కడ 3 వేశాను. ఎడమవైపు అట్టడుగు పెట్టెలో 8వ వరుస పోయింది. మూడవ నిలువులో 3 ఉన్నది కనుక అదీ పోయింది. మిగిలినవాటిలో ఖాళీగా ఉన్నది 9వ వరుస మొదటి గడి ఒక్కటే, అక్కడ మరో 3 పడింది. ఒక అంకె అడ్డం నుంచీ నిలువు నుంచీ ఒకేసారి ఎలా బిగుస్తుందో అక్కడ నాకు మొదటిసారి కంటికి కనిపించింది.

ఆ తరువాత ఆగిపోయాను. నడిమి పెట్టెలో 3 ఐదవ వరుసలోనే రావాలి, అయితే నాలుగవ నిలువా, ఆరవ నిలువా అన్నది తేలలేదు. దాని కింది పెట్టెలో 3 ఏడవ వరుసలోనే రావాలి, అక్కడా నాలుగవ నిలువా, ఆరవ నిలువా తేలలేదు. అంటే 7 విషయంలో నేను పడిన గోతి లాంటిదే మళ్లీ ఎదురైంది. ఈసారి బొమ్మా బొరుసూ వేయలేదు గానీ, ఇంత కష్టపడి తెలుసుకున్న విషయాన్ని గుర్తుపెట్టుకోవడం ఎలాగన్నది అర్థం కావడం లేదు.

రబ్బరు ముక్క | సోమవారం, సాయంత్రం 5:50

దానికే పెన్సిలు గుర్తులు పెట్టుకుంటారండీ. ఒక పెట్టెలో ఒక అంకెకు సరిగ్గా రెండే గళ్లు మిగిలినప్పుడు ఆ రెండు గళ్ల మూలల్లో ఆ అంకెను చిన్నగా రాసి ఉంచుకోండి. తరువాత ఎప్పుడైనా ఆ రెండింటిలో ఒక గడి మరో అంకెతో నిండగానే, రెండవ గడిలో మీ చిన్న అంకెను పెద్దదిగా రాయవచ్చు. మూడు గళ్లు మిగిలితే మాత్రం రాయకండి. మొదట్లో నేను ప్రతి ఖాళీలోనూ పట్టగల అంకెలన్నీ రాసేసేవాణ్ని. 42 ఖాళీల్లో మూడేసి, నాలుగేసి చిన్న అంకెలు రాస్తే కాగితం చీమలు పట్టిన బెల్లం ముక్కలా తయారవుతుంది, అందులో ఏది చెరిపామో ఏది మరచామో మనకే తెలియదు. ఒక అంకె వేసిన తరువాత అదే అడ్డంలో, అదే నిలువులో, అదే పెట్టెలో ఉన్న గుర్తులను చెరపడం మరచిపోతే పాత గుర్తే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. నా పేరు ఊరికే వచ్చింది కాదు.

ఇంకో చిన్న విషయం ఉంది. పత్రికలో గళ్లు మరీ ఇరుకుగా ఉంటాయి కాబట్టి గ్రాఫు కాగితం మీదికి దింపుకోవడం మంచిదే. అయితే దింపేటప్పుడు ఒక అంకె పక్క గడిలోకి జారితే ఆ పజిల్ ఇక తీరదు. దింపిన తరువాత ఒక్కో వరుసా వేలు పెట్టి సరిచూసుకోండి.

నిశాచరి | మంగళవారం, తెల్లవారుజామున 3:30

డబ్లిన్ నుంచి రాస్తున్నాను. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ మధ్యలో దొరికే ఇరవై నిమిషాల్లో ఫోన్‌లోనే సుడోకు ఆడతాను. రబ్బరు ముక్క గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. యాప్‌లో ఒక మీట నొక్కితే ప్రతి ఖాళీలోనూ పట్టగల అంకెలన్నీ వాటంతట అవే కనిపిస్తాయి, మనం ఒక అంకె వేసినప్పుడల్లా అవే చెరిగిపోతాయి. ఎక్కడ ఒక్క అంకె మాత్రమే మిగిలిందో చూసి వేసుకుంటూ పోవచ్చు. చెరపడం మరచిపోయే ప్రమాదమే లేనప్పుడు అన్ని గుర్తులూ పెట్టుకుంటే తప్పేమిటి?

అరుగు మాస్టారు | మంగళవారం, ఉదయం 7:10

తప్పేమీ లేదు నిశాచరి గారూ. అయితే ఆ మీట నొక్కినప్పుడు తీసివేతలన్నీ యాప్ చేస్తుంది, మనకు మిగిలేది ఒంటరి అంకెను చూసి నొక్కడమే. ఆట నేర్చుకుంటున్నవారు తీసివేతనే నేర్చుకోవాలి. పైగా ఒక ఇబ్బంది కూడా ఉంది. పెట్టెలో ఒక అంకెకు ఒకే చోటు మిగిలినా, ఆ గడిలో మరో రెండు అంకెలు కూడా పట్టేలా కనిపించవచ్చు. అప్పుడు ఒంటరి అంకె కోసమే వెతికే కంటికి ఆ చోటు కనిపించదు. తొలి గడి గారి పజిల్‌లోనే ఉదాహరణ ఉంది. కుడివైపు అట్టడుగు పెట్టెలో 5 గురించి చూడండి. ఏడవ నిలువులో 5 ఉంది, ఎనిమిదవ నిలువులో 5 ఉంది, తొమ్మిదవ నిలువులో ఆ పెట్టె వరకు ఖాళీగా ఉన్నది 8వ వరుస గడి ఒక్కటే. అందులో 5 నిస్సందేహంగా వస్తుంది. అయితే అదే గడిలో 8 కూడా పడుతుందని యాప్ చూపిస్తుంది.

తొలి గడి గారూ, ఇప్పుడు మీరు పోగొట్టుకున్న 7 సంగతి చూద్దాం. 5 చేతిలో ఉండగానే ఎడమవైపు నడిమి పెట్టెలో కూడా దాన్ని చూడండి. 4వ వరుసలోనూ 5వ వరుసలోనూ 5 ఉంది కాబట్టి 6వ వరుసలో 6కీ 3కీ మధ్య గడిలో 5 పడుతుంది. తరువాత మూడే ఉన్న 9ని తీసుకోండి. 8, 9 వరుసల్లో 9 ఉన్నది కనుక ఎడమవైపు అట్టడుగు పెట్టెలో అది 7వ వరుసలో రావాలి, ఆ వరుసలో 4, 6 ముందే నిండి ఉన్నాయి, మిగిలింది మూడవ గడి. చూశారా, తక్కువసార్లు వచ్చిన అంకె కూడా వరుసలు నిండుగా ఉన్నచోట సులువుగా పడిపోతుంది. ఎక్కువసార్లు వచ్చిన అంకెతో మొదలుపెట్టమన్నాను గానీ, దాన్ని శాసనంగా పట్టుకోకండి.

ఇక 2. కుడివైపు అట్టడుగు పెట్టెలోకి 7వ వరుస నుంచీ 9వ వరుస నుంచీ 2 అడ్డుపడుతోంది. 8వ వరుసలో ఆ పెట్టె గళ్లలో 3 ఉంది, ఇప్పుడే 5 వేశాం, మిగిలిన ఏడవ నిలువు గడిలో 2 వస్తుంది. ఇప్పుడు 8వ అడ్డు వరుసను ఒక్కసారి పూర్తిగా చదవండి.

· · 1 | 9 · 4 | 2 3 5

రావలసినవి 6, 7, 8. రెండవ గడిలో 6 రాదు, ఎందుకంటే దాని నెత్తినే 6 ఉంది. 8 రాదు, ఎందుకంటే అదే నిలువులో 2వ వరుసలో 8 ఉంది. కాబట్టి అక్కడ 7. రెండవ నిలువులో 7 వచ్చేసింది కనుక మీరు బొమ్మా బొరుసు వేసిన 5వ వరుసలో 7 మొదటి గడిలో రావాలి. మీరు ఎడమవైపు నడిమి పెట్టెను తేరిపార చూస్తూ కూర్చున్న ప్రశ్నకు జవాబు కుడివైపు అట్టడుగు మూలలో ఉంది.

అడ్డం నిలువు | మంగళవారం, ఉదయం 11:25

మాస్టారు చివర్లో చేసిన పనిని కొత్తవారు గమనించాలి. అప్పటిదాకా “ఈ అంకె ఎక్కడ?” అని అడిగిన ఆయన, 8వ వరుసలో ఆరు గళ్లు నిండగానే “ఈ గడిలో ఏది?” అన్న ప్రశ్నకు మారిపోయారు. నా లెక్క ప్రకారం ఒక వరుసలోగానీ పెట్టెలోగానీ మూడు ఖాళీలే మిగిలినప్పుడు ఇలా గడిని పట్టుకుని అడిగే పద్ధతి లాభిస్తుంది. నాలుగు మిగిలినా పరవాలేదు గానీ, అయిదు, ఆరు ఖాళీలున్న వరుస ముందు కూర్చుని జాబితాలు రాయడం వృథా ప్రయాస.

గోదారి గట్టు | మంగళవారం, సాయంత్రం 4:00

ఇంత తతంగం ఎందుకండీ? రెండింటిలో ఒకటి వేసి చూడడం, తప్పయితే చెరిపి రెండవది వేయడం, ఇదీ తర్కమే కదా. సరైన పజిల్‌కు ఒకే జవాబు ఉంటుందంటారు, అటువంటప్పుడు ఒక దారి మూసుకుపోతే రెండవ దారి తప్పకుండా తెరుచుకుంటుంది.

రబ్బరు ముక్క | మంగళవారం, సాయంత్రం 6:30

సిద్ధాంతంగా మీ మాట నిజమే. ఆచరణలో చిక్కు ఎక్కడంటే, తప్పు వేసిన గడి దగ్గరే తప్పు బయటపడదు. తొలి గడి గారికి 5వ వరుసలో వేసిన తప్పు అరగంట తరువాత 8వ వరుసలో బయటపడింది. ఆ అరగంటలో వేసిన అంకెల్లో ఏవి సొంత బలం మీద వచ్చాయో, ఏవి ఆ 7 మీద ఆధారపడి వచ్చాయో ఎవరు చెప్పగలరు? అన్నిటినీ చెరపవలసి వస్తుంది. నిజానికి ఆమె ఆ 7 వేసే ముందు, రెండవ గడిలో 7 వేస్తే పక్కనున్న మొదటి గడి గతి ఏమిటని ఒక్క క్షణం ఆలోచించినా లాభం ఉండేది కాదు, ఎందుకంటే అప్పటికి ఆ వరుసలో మూడే అంకెలున్నాయి.

మరీ కఠినమైన పజిల్స్‌లో వేసి చూడడం తప్పని పరిస్థితి కొందరికి వస్తుందేమో గానీ, “సులభం” అని రాసినదానిలో ఆ అవసరం వచ్చిందంటే మనం ఏదో చూడకుండా దాటేశామనే అర్థం.

గోదారి గట్టు | మంగళవారం, రాత్రి 7:15

ఒప్పుకుంటున్నాను. నేను ఫోన్‌లో ఆడతాను, తప్పు వేయగానే అంకె ఎర్రగా మారుతుంది. కాగితం మీద ఎరుపు రాదన్న సంగతి తట్టలేదు. అయితే నాకో సందేహం ఉంది. ఎక్కువ అంకెలు ఇస్తే సులువు, తక్కువ ఇస్తే కష్టం, అంతేనా?

నిశాచరి | బుధవారం, తెల్లవారుజామున 2:50

అంతే అనడానికి వీలు లేదు. ఎన్ని అంకెలు ఇచ్చారన్నదాని కంటే, వాటితో తీయడానికి ఎటువంటి తర్కం కావాలన్నదే పజిల్ కష్టాన్ని నిర్ణయిస్తుంది. 25 అంకెలతో కూడా మాస్టారు చూపిన రెండు ప్రశ్నలతోనే తీరిపోయేవి ఉన్నాయి, 30 ఇచ్చినా మధ్యలో గట్టిగా ముడిపడి ఉండేవీ ఉన్నాయి. ఇంత తక్కువైతే ఇక జవాబు ఒక్కటే అని చెప్పలేమన్న హద్దు మాత్రం ఒకటుంది, అది 17. 16 అంకెలతో ఒకే జవాబు గల సుడోకు ఉండదని 2012లో కంప్యూటరు సహాయంతో తేల్చిన గణితవేత్తల బృందం ఈ ఊరి విశ్వవిద్యాలయానిదే. రోజూ బస్సులో ఆ దారిన వెళుతున్నా, ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

మాస్టారూ, ఒక మాట ఒప్పుకోవాలి. నిన్న ఆ మీట ఆపేసి ఒక సులభమైన పజిల్ ఆడాను. రోజూ ఎనిమిది నిమిషాల్లో అయ్యేది ఇరవై దాటింది, సగంలో ఉండగానే వార్డు నుంచి పిలుపు వచ్చింది.

అరుగు మాస్టారు | బుధవారం, ఉదయం 6:45

ఆ పన్నెండు నిమిషాలూ ఇంతకాలం మీ బదులు యాప్ ఆడిన ఆట, నిశాచరి గారూ. రెండు వారాలు ఓపిక పట్టండి, తగ్గుతుంది.

చరిత్ర ప్రస్తావన వచ్చింది కనుక కొంచెం చెబుతాను. ఇప్పుడు మనం ఆడే రూపంలో ఈ పజిల్ 1979లో అమెరికాలో ఒక పజిల్ పత్రికలో “అంకెల చోటు” అని అర్థం వచ్చే పేరుతో వచ్చింది. దాని రూపకర్త హోవార్డ్ గార్న్స్ అనే విశ్రాంత భవన నిర్మాణ శిల్పి అని చెబుతారు. 1984లో జపానులోని నికోలి సంస్థ దాన్ని తెచ్చుకుని, అంకెలు బ్రహ్మచారులుగానే ఉండాలి అన్న అర్థం వచ్చే పొడవైన పేరు పెట్టింది, దాన్ని కుదిస్తే వచ్చినదే “సుడోకు”. తరగతిలో ఈ అర్థం చెప్పిన తరువాత నియమాన్ని మరచిపోయిన పిల్లవాడు ఒక్కడూ లేడు. ఒక వరుసలో రెండు 5లు పడితే “పెళ్లయిపోయింది మాస్టారూ” అని అరిచేవారు. హాంకాంగులో న్యాయమూర్తిగా పనిచేసిన వేన్ గౌల్డ్ ఈ పజిల్స్ తయారుచేసే ప్రోగ్రాము రాసి లండన్ పత్రిక ‘ది టైమ్స్’కు ఇవ్వగా, 2004 నవంబరులో అది అచ్చు వేయడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ప్రపంచమంతటా పత్రికలకు పాకింది. 2017లో ప్రపంచ పోటీలు మన పక్కనే, బెంగళూరులో జరిగాయి.

మీ పజిల్‌ను తలకిందులుగా పట్టుకుని చూడండి తొలి గడి గారూ, అంకెలు మారినా నిండిన గళ్ల అమరిక మారదు. ఈ పొందిక జపాను వారు తెచ్చిన సంప్రదాయమే. అది చూడడానికి అందంగా ఉంటుందే తప్ప తీయడానికి మాత్రం ఏ మాత్రమూ సాయపడదు, కాబట్టి అందులో రహస్యం వెతకకండి.

తొలి గడి | బుధవారం, రాత్రి 9:20

ఈ రోజు మొదటి వరుస పూర్తి చేశాను. కుడివైపు పై పెట్టెలో 7 తొమ్మిదవ గడిలో పడింది, ముందే వేసిన 3తో కలిపి వరుస 9 3 6 | · 8 · | · 1 7 అయింది. మిగిలినవి 2, 4, 5. ఆరవ నిలువులో 2, 4 రెండూ ఉండడంతో ఆ గడిలో 5 వచ్చింది. నాలుగవ నిలువులో 4 ఉండడంతో అక్కడ 2, చివరికి ఏడవ గడిలో 4. దాని ఊపులో నడిమి పై పెట్టె అంతా నిండిపోయింది, 3వ వరుస కూడా నిండింది. ఒక గడి నిండితే మూడు చోట్ల తలుపులు తెరుచుకుంటున్నాయి.

ఇప్పుడు నా సందేహం రెండవ వరుస మీద. అది · 8 · | 7 4 1 | 3 · · అని ఉంది, మిగిలినవి 2, 5, 6, 9. ఎడమవైపు పై పెట్టెలో 2, 5 మాత్రమే మిగిలాయి, అవి ఈ వరుసలోని మొదటి, మూడవ గళ్లలోనే రావాలి, ఏది ఎక్కడో తెలియదు. ఏది ఎక్కడో తెలియకుండానే, ఆ రెండు గళ్లూ 2కీ 5కీ అంకితమైపోయాయి కాబట్టి చివరి రెండు గళ్లకు 6, 9 మాత్రమే మిగులుతాయని అనుకోవడం ఊహించడం అవుతుందా, తర్కం అవుతుందా?

రబ్బరు ముక్క | బుధవారం, రాత్రి 10:05

నూటికి నూరు పాళ్లూ తర్కమే. రెండు అంకెలు, రెండు గళ్లు. ఆ జంట ఆ గళ్లను కబ్జా చేసింది, మూడవవారికి చోటు లేదు, ఆ జంటకు కూడా ఆ వరుసలో మరెక్కడా చోటు లేదు. చివరి రెండు గళ్లలో 6, 9 అన్నారు కదా, తొమ్మిదవ నిలువు అట్టడుగున 9 ఉంది చూడండి. ఇక్కడ 2, 5 కుడివైపు పై పెట్టెలో ముందే ఉండడం వల్ల మీకు ఈ జంట పద్ధతి లేకపోయినా పని జరిగేది. మధ్యస్థం అని రాసిన పజిల్స్‌కు వెళ్లినప్పుడు మాత్రం ఇది లేకుండా అడుగు ముందుకు పడదు, దాన్ని మీ అంతట మీరే కనిపెట్టడం విశేషం.

అడ్డం నిలువు | గురువారం, ఉదయం 8:30

ముగింపు దశకు వస్తున్నారు కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాను. ఖాళీలు పది, పన్నెండు మిగిలినప్పుడు చెయ్యి తొందరపడుతుంది. వరుసలో ఒక్క ఖాళీయే మిగిలినప్పుడు రావలసిన అంకెను లెక్కపెట్టి వేసి, నిలువును చూడకుండా వదిలేస్తాం. నేను ఒక అంకెను ముగించినప్పుడల్లా కాగితం అంచున రాసుకున్న 1 నుంచి 9 వరకు జాబితాలో దాన్ని కొట్టేస్తాను. కొట్టేసే ముందు తొమ్మిదీ ఉన్నాయో లేదో వేలితో లెక్కిస్తాను. ఎనిమిదే లెక్కకు వచ్చాయంటే ఒకటి వేయడం మరచిపోయి ఉంటాం, లేదా దాని చోట మరో అంకె వేసి ఉంటాం. తప్పు దొరికితే మాత్రం వెనక్కి చెరుపుకుంటూ వెళ్లకండి, అచ్చులో ఉన్న అంకెలు మాత్రమే దింపుకుని మళ్లీ మొదలుపెట్టండి. సులభమైనదానికి అదే తక్కువ సమయం.

తొలి గడి | శుక్రవారం, సాయంత్రం 5:40

పూర్తయింది. నాలుగవ నిలువులో 3, 5 మాత్రమే మిగలగా, 5వ వరుసలో 5 ముందే ఉండడం వల్ల అక్కడ 3 వేశాను, సోమవారం నాడు పెన్సిలుతో మూలల్లో రాసి వదిలేసిన నాలుగు చిన్న 3లూ ఒక్క నిమిషంలో తేలిపోయాయి. 9వ వరుసలో మూడవ గడిలో 5 పడగానే రెండవ వరుసలోని జంట కూడా విడిపోయింది, 5 మొదటి గడిలోకి, 2 మూడవ గడిలోకి వెళ్లాయి. అడ్డం నిలువు గారి జాబితాలో 7ను కొట్టేసేటప్పుడు రెండుసార్లు లెక్కపెట్టాను.

5వ వరుస అన్నిటికంటే చివరికి మిగిలింది. అది 7 · 4 | 3 5 6 | 1 2 8 అని నిలిచింది. ఆ రెండవ గడిలోనే ఆదివారం నాడు పెన్నుతో 7 వేశాను. ఈ రోజు 9 వేశాను.

పుస్తకంలో రెండవ పజిల్‌లో 36 అంకెలు ఇచ్చారు, 8 ఆరుసార్లు వచ్చింది. రేపు పొద్దున్నే 8తో మొదలుపెడతాను, ఆగిపోతే ఇక్కడే రాస్తాను.